ఉరుముల కాలంలో మన ఇండ్లలోని కరెంటు సామాను

2023వ సంవత్సరం మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా బరంపురంలో వాయవ్యమూలనుండి నల్లని మబ్బు లేచినది. ఒడిశా వారు కాళబైశాఖి అని పిలుచు గాలివాన అది. మా వీధి వెనుక పెరటిలోనున్న కొబ్బరిచెట్టు మీద పిడుగు పడినది. చెట్టు మొవ్వు మాడిపోయినది. మనుషులకెవ్వరికీ ఏమీ కాలేదు. కాని ఆ ఒక్క క్షణంలో ఐదు ఇండ్లలోని కరెంటు సామాను పాడైనది. మా ఇంట టీవీ, దాని కింద పెట్టె, కండెలు చుట్టు చిన్న మోటారు పోయినవి. ఎదురింట ఫ్రిజ్జు, నాలుగు బల్బులు పోయినవి. వీధి చివర ఇంటిలో, వరుసకు నాకు బావగారైన ఒక నేతగాని మగ్గం మీది ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టె పోయినది. మగ్గం మీద పెండ్లివారి చీర సగం నేసియున్నది. ఆ మగ్గం తిరిగి ఆడుటకు ఇరువది మూడు రోజులు పట్టినది.

మరునాడు ఉదయం ఆయన సంఘం ఆఫీసుకు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సెక్రటరీ బాబూ, గాలి రేగినప్పుడే స్విచ్చి కట్టేసేను కదా. కట్టేసిన యంత్రం ఎలాగ కాలిపోయింది?"

ఆ ప్రశ్నకు అప్పుడు నాకు సరియైన జవాబు తెలియలేదు. మెట్రిక్ వరకు చదివిన చదువులో విద్యుత్తు గురించి ఒక పాఠం ఉండెను గాని అది మరచి చాలా కాలమైనది. తరువాత ఇద్దరు రిపేరు మేస్త్రీలను, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక లైన్‌మన్‌గారిని అడిగి, పాడైన బోర్డులను దగ్గరుండి విప్పించి తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం. మన వారు ఒడిశాలోనే కాదు, షోలాపూరులో, తమిళదేశంలో, కర్ణాటకలో, యానాంలో కూడ మగ్గాలు పెట్టుకొనియున్నారు. షోలాపూరు వైపు ఎండాకాలపు చివర, మరల వానలు వెనుకకు మళ్లు రోజులలో ఉరుములు ఎక్కువ. తమిళదేశంలో వేసవిలోను, అశ్వయుజ కార్తీకాలలోను ఎక్కువ. కావున ఇది ఒక ఊరి సంగతి కాదు.

మొదట బావగారి ప్రశ్నకే వద్దాము. స్విచ్చి అనగా తీగ మధ్య ఒక చిన్న సందు మాత్రమే. కట్టినప్పుడు ఆ సందు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండును. మన ఇంటి 230 వోల్టుల కరెంటు ఆ సందును దాటలేదు. కాని గాలి ఒక మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టుల వరకే ఆపగలదు. పిడుగువలన తీగలలో పుట్టు ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చును. మైలు దూరం ఆకాశంనుండి గాలిని చీల్చుకొని దిగివచ్చినదానికి స్విచ్చిలోని సందు ఒక లెక్కా? అంతేగాక స్విచ్చి కట్టునది ఫేజు తీగనొక్కదానినే. న్యూట్రలు తీగ, ఎర్తు తీగ యంత్రానికి అంటియే ఉండును. స్విచ్చి కట్టి మనం నిశ్చింతగా కూర్చున్నా, మూడు దారులలో రెండు తెరిచియే ఉన్నవన్నమాట.

టీవీకి నాలుగవ దారి కూడ ఉన్నది. అది కేబులు తీగ, లేదా డాబా మీది డిష్షు గొడుగునుండి దిగు తీగ. ఇంటర్నెట్టు తీగ రాగిది అయిన యెడల అది ఐదవది. మా ఇంట జరిగినది ఇదే. టీవీ ప్లగ్గు వద్ద మసి లేదు. గొడుగు తీగ పెట్టెలోనికి చేరుచోట నల్లని మచ్చ ఉన్నది. పిడుగు కరెంటు తీగలో రాలేదు, గొడుగు తీగలో వచ్చినది. అచ్చటినుండి పెట్టెను దాటి, హెచ్‌డీఎంఐ తీగగుండా టీవీలోనికి పోయినది.

పిడుగు నేరుగా ఇంటి మీద పడనక్కరలేదు. మెరుపులో సాధారణంగా 30,000 ఆంపియర్ల కరెంటు ప్రవహించును, కొన్నిటిలో లక్ష దాటును. ఇది సెకనులో వేయింట ఒక వంతుకంటె తక్కువ కాలంలో జరిగిపోవును. ఇంత కరెంటు ఇంత త్వరగా ప్రవహించుటచేత చుట్టుపట్ల తీగలన్నిటిలో, అంటకుండగనే, ఒత్తిడి పుట్టును. దూరాన స్తంభం మీద పడినను ఆ స్తంభంనుండి మన ఇంటికి వచ్చు సర్వీసు తీగ దానిని మోసికొని వచ్చును. నేల మీద పడినప్పుడు ఆ చోటి నేలకే ఒత్తిడి పెరిగి, ఎర్తు తీగగుండా ఇంటిలోనికి ఎదురు రావచ్చును. కొబ్బరిచెట్టు మీద పడిన పిడుగు ఐదు ఇండ్లను తాకుటకు ఇదే కారణం.

ఫ్యూజు ఉన్నది కదా, ఎమ్‌సీబీ ఉన్నది కదా అని కొందరందురు. అవి కరెంటు ఎక్కువై తీగలు వేడెక్కి ఇల్లు అంటుకొనకుండ కాపాడునవి. ఫ్యూజు కాలుటకు, ఎమ్‌సీబీ పడుటకు కొన్ని మిల్లీసెకన్లు కావలెను. ఆ లోపల పిడుగు తన పని ముగించుకొని పోవును. స్టెబిలైజరు సంగతి కూడ అంతే. అది 170ని 230 చేయును, 260ని 230 చేయును. వేల వోల్టులను చూడగానే అదే మొదట కాలును. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్లు, వోల్టేజి తగ్గుటకు కొన్న పెట్టెను పిడుగుకు కూడ నమ్ముకొనుట మన ఇండ్లలో చాలా చోట్ల కనిపించుచున్నది.

కావున నిజమైన రక్షణ ఒకటే. ప్లగ్గును గోడనుండి ఊడదీసి ఒక మూర దూరం లాగవలెను. దానితోపాటు కేబులు తీగను, గొడుగు తీగను కూడ విప్పవలెను. ఒకటి విప్పి ఒకటి ఉంచిన ప్రయోజనం లేదు. కాని ఇందులో ఒక ప్రాణాపాయమున్నది. ఉరుములు నెత్తిమీద మ్రోగుచుండగా ప్లగ్గును పట్టుకొనరాదు. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినబడువరకు లెక్కపెట్టుడు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలియును. ముప్పది లెక్కలోపల ఉరుము వినబడిన యెడల మెరుపు పది కిలోమీటర్ల లోపల ఉన్నది. అప్పుడు సామానుకు ఆశపడక తీగలకు, కుళాయిలకు, ఇనుపచువ్వల కిటికీలకు దూరంగా కూర్చొనవలెను. చివరి ఉరుము విన్న అరగంట వరకు లేవరాదు. కావున ఊడదీయు పని ముందే జరుగవలెను. మబ్బు లేచి, చల్లగాలి కొట్టి, మొదటి ఉరుము ఇంకా వినబడని సమయమే దానికి తగినది. ఆ నెలలలో రాత్రి పడుకొనబోవుముందు ఊడదీసి పడుకొనుట ఇంకను మంచిది. పూణేలోని వాతావరణ పరిశోధన సంస్థ వారు తయారుచేసిన దామిని అను యాప్ మొబైలులో పెట్టుకొన్న యెడల 20, 40 కిలోమీటర్లలోపల మెరుపులున్నవా అని అది తెలుపును. మా ఆఫీసులో నేను వాడుచున్నాను. అది చెప్పలేదు గదా అని మబ్బును నమ్మకపోవుట మాత్రం తగదు.

పిడుగు పడినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొనుట మన పెద్దల అలవాటు. మా నాయనమ్మ ఆ పేర్లు చదువుచునే మగ్గపు గుంటలోనున్న వారిని లేచి రమ్మని కేకవేసెడిది. గుంటలో తడినేల మీద కాళ్లుంచి కూర్చున్నవాడు లేచి వచ్చుట మంచి పనియే. పిడుగు దెబ్బ తిన్న మనిషిని ముట్టుకొన్న మనకు కూడ తగులునని కొందరు భయపడుదురు. అది తప్పు. ఆ మనిషి ఒంటిలో కరెంటు నిలువ ఉండదు. వెంటనే ముట్టుకొని, ఊపిరి ఆడకపోయిన యెడల ఆసుపత్రికి చేరువరకు గుండె నొక్కుచుండవలెను.

ఇక పాడైన తరువాతి సంగతి. మన వారు ఎక్కువగా నష్టపోవునది ఇక్కడనే. పిడుగు చేసిన నష్టంకంటె మరునాడు మనం చేయు నష్టం ఒక్కొక్కసారి ఎక్కువ. వాన వెలసిన వెంటనే "చూతము, పనిచేయునేమో" అని ప్రతి సామానుకు కరెంటు ఇచ్చి చూచుట అందరి అలవాటు. సగం దెబ్బ తిన్న బోర్డుకు మరల కరెంటు తగిలినప్పుడు మిగిలిన సగం కూడ పోవును. ఎదురింటి ఫ్రిజ్జు అట్లే పోయినదని నా అనుమానం. మొదట మెయిను కట్టి, అన్ని ప్లగ్గులు ఊడదీయుడు. గుంటలో నీరు చేరియుంటే తోడకముందు మోటారు జోలికి పోవద్దు. ప్రతి వస్తువును ముక్కుతోను, కంటితోను చూడుడు. కాలిన వాసన, మసి, ఉబ్బిన ప్లాస్టిక్కు కనిపించినది వేరు పెట్టుడు. మెయిను వేసిన తరువాత మొదట ఒక బల్బు వెలిగించి చూచి, వెలుగు మామూలుగా ఉన్నప్పుడే మిగిలినవి ఒకటొకటిగా పెట్టుడు.

మూత విప్పు పని మాత్రం మనది కాదు. టీవీలోను, జకార్డు పెట్టెలోను ఒక పెద్ద కెపాసిటరు ఉండును. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ అందులో 325 వోల్టులు నిలిచియుండవచ్చును. తెలిసిన మేస్త్రీ దానిని ఖాళీ చేసియే చేయి పెట్టును.

మొబైలు ఛార్జర్ల గురించి ఒక మాట. పిడుగు తగిలిన ఇంటిలో ఛార్జరు పనిచేయుచున్నను దానిని పారవేయుడు. ఛార్జరులో గోడ కరెంటుకు, మన చేతికి తగులు తీగకు మధ్య ఒక అడ్డు ఉండును. ఆ అడ్డు చిల్లిపడినను ఫోను ఛార్జి కావచ్చును. చెవిలో తీగ పెట్టుకొని ఆ ఫోను పట్టుకొన్న పిల్లవానికి షాకు తగులును. దీని ఖరీదు ఒక పూట కూలిలో భాగం మాత్రమే, లోభపడదగినది కాదు.

రిపేరు మేస్త్రీ వద్దకు పోవునప్పుడు వస్తువు ఏ దారిన దెబ్బ తిన్నదో మనం చెప్పగలిగిన యెడల ఖర్చు తగ్గును. కరెంటు తీగగుండా వచ్చినప్పుడు సాధారణంగా పవరు బోర్డు పోవును. అందులో బిళ్లవంటి ఒక చిన్న భాగం ఉండును, దానిని ఎమ్‌ఓవీ అందురు. ఒత్తిడి పెరిగినప్పుడు అది తాను కరెంటును మింగి, ఫ్యూజును కాల్చి, మిగిలిన బోర్డును కాపాడును. ఆ బిళ్ల, ఫ్యూజు మార్చిన చాలు, వస్తువు లేచి కూర్చొనును. కొద్ది ఖర్చుతో తేలును. కేబులు దారిన వచ్చిన యెడల పవరు బోర్డు బాగానే ఉండి, మెయిను బోర్డు పోవును. ఇది ఖరీదైనది, ఒక్కొక్కప్పుడు పాత టీవీకి అది వేయించుట దండుగ. అయితే పెట్టె తగిలించిన ఒక్క హెచ్‌డీఎంఐ రంధ్రమే పోయి, పక్క రంధ్రం బాగుండుట కూడ కలదు. మా టీవీ అట్లే బతికినది. పెట్టెను మార్చి, తీగను రెండవ రంధ్రానికి తగిలించితిమి. ఆ సంగతి తెలియక, మొదట ఒక దుకాణంవారు టీవీ పనికిరాదని చెప్పగా నమ్మి, అమ్మివేయబోతిని. పాత బోర్డును తిరిగి ఇమ్మని అడుగుడు. ఇచ్చుటకు నసిగిన యెడల వేరే దుకాణం చూచుకొనుడు.

కండెల మోటారు గుయ్యిమని తిరుగకున్న యెడల మొదట కెపాసిటరు మార్చి చూడవలెను. వాసన వచ్చిన యెడల చుట్టు కాలినది. చుట్టుకు, ఇనుప ఒంటికి మధ్య ఇన్సులేషను ఎంత ఉన్నదో 500 వోల్టుల మెగ్గరుతో కొలువవలెను. ఒక మెగాఓముకంటె తక్కువ చూపిన మోటారును తడిచేతులతో పనిచేయు ఆడవారి పక్కన పెట్టరాదు, తిరుగుచున్నను పెట్టరాదు.

జకార్డు పెట్టె గురించి బావగారికి జరిగినది చెప్పక తప్పదు. పెట్టెలోని పవరు భాగం, నడుపు బోర్డు రెండును పోయినవి. బోర్డు బయటి ఊరినుండి తెప్పించవలసి వచ్చినది. అది డబ్బుతో తీరు కష్టం. తీరనిది వేరొకటి ఉన్నది. ఆయన పదునాలుగు సంవత్సరాలుగా గీయించి కూర్చుకొన్న బార్డరు, బుటా డిజైన్లు అన్నియు పెట్టెకు తగిలించియున్న ఒక్క పెన్‌డ్రైవులోనే ఉండెను. అది కూడ కాలిపోయినది. కొన్ని డిజైన్లు పాత చీరలను చూచి మరల గీయించినారు. ఆయన తండ్రిగారు గళ్ల కాగితం మీద చేతితో గీచిన రెండు కుంభాల అంచులు మాత్రం, కాగితం ముందే చెద తినియుండుటచేత, తిరిగి రాలేదు. వెనుకటి అట్టల జకార్డులో ఇట్టి భయం లేదు, పిడుగు పడి అట్టల దండ మాయమైనదని ఎవరును వినలేదు. కొత్తది కొన్నవారు డిజైన్లను రెండు పెన్‌డ్రైవులలో ఎక్కించి, ఒకటి ఏ తీగకును తగిలించక బీరువాలో పెట్టుకొనవలెను. వీలున్నవారు మూడవ ప్రతిని సంఘం ఆఫీసులో ఇచ్చి పేరు వ్రాయించుకొనవచ్చును.

నష్టపరిహారం సంగతికి వచ్చుటకు ముందు ఒక తేడా గుర్తించవలెను. గాలివానలో పోయినదంతా పిడుగువలన పోయినది కాదు. ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు న్యూట్రలు తీగ గాలికి తెగినప్పుడు, కొన్ని ఇండ్లకు 230 బదులు 400 వోల్టుల దగ్గరకు వచ్చును, మరికొన్ని ఇండ్లకు తగ్గిపోవును. బల్బులు కొంతసేపు కండ్లు చెదరునట్లు వెలుగును, ఫ్యానులు పరుగెత్తును, పొరుగింట అదే సమయంలో దీపం గుడ్డిగా ఉండును. ఇది క్షణంలో ముగియదు, నిమిషాలపాటు సాగును. ఉరుముతో సంబంధం ఉండదు. పిడుగు అట్లు కాదు. ఉరుము, పేలుడు, చీకటి ఒక్కసారే. కేబులుకు తగిలిన వస్తువులు ముందుగా పోవును. వీధిలో బల్బులు పెద్దవై పోయినవా, ఉరుముతో పోయినవా అను ఒక్క ప్రశ్నకు ఐదు ఇండ్లవారి జవాబు ఆనాడే కాగితం మీద వ్రాసికొన్న యెడల తరువాత చాలా మేలు. న్యూట్రలు తెగుట లైను బాగోగులకు సంబంధించినది. 1912 నంబరుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు, గంట, కన్స్యూమరు నంబర్లు చేర్చి, వీధివారందరు సంతకాలతో అర్జీ ఇవ్వవచ్చును. అక్కడ వినకున్న యెడల 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకు వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉండవలెను, దాని పైన అంబుడ్స్‌మన్ కలడు. పిడుగు అయిన యెడల ఈ దారిలో పరిహారం రాబట్టుట కష్టం.

బీమా ఉన్నది గదా అని ధైర్యంగా ఉన్నవారు పాలసీ కాగితం ఒకసారి తీసి చదువవలెను. అగ్ని బీమాలో పిడుగు పేరు కనిపించును. కాని సాధారణంగా కింద మినహాయింపులలో, కరెంటు ఒత్తిడివలన, షార్టువలన ఒక కరెంటు యంత్రం తానుగా చెడిపోయిన యెడల, కారణం పిడుగైనను ఆ యంత్రానికి ఇవ్వము అని వ్రాసియుండును. దానినుండి మంట లేచి మగ్గం, పట్టు కాలిన యెడల ఆ మిగిలిన సొత్తుకు వచ్చును. మా సంఘం పాలసీలో ఈ వాక్యం ఉన్నదని నేను పిడుగు పడిన తరువాతనే చూచితిని. ఇది నా తప్పు. జకార్డు పెట్టెలకు ఎలక్ట్రానిక్ పరికరాల బీమా అని వేరుగా కలదు. యంత్రం కొన్నప్పుడిచ్చు గ్యారంటీ కాగితాలు కూడ చాలావరకు పిడుగును మినహాయించియే ఉండును.

ఒడిశా ప్రభుత్వంవారు 2015లో పిడుగును రాష్ట్ర విపత్తులలో చేర్చినారు. విపత్తు సహాయనిధి నియమాలలో చేనేతవారి, చేతిపనివారి పాడైన పనిముట్లకు, నూలుకు కొద్దిపాటి సహాయం ఇచ్చు పద్దు ఒకటి ఉన్నది. టీవీ, ఫ్రిజ్జు దాని కిందికి రావు. మగ్గం సామాను ఉన్నవారు రిపేరుకు ఇవ్వకముందే ఫోటోలు తీయించి, సంఘం ధ్రువపత్రంతో తహసీల్దారు కచేరీలో అర్జీ పెట్టవచ్చును. మన ఇతర రాష్ట్రాల సోదరులు తమ జిల్లా కచేరీలో విచారించుకొనవలెను.

చివరగా ఎర్తు. ఇంటి బోర్డు వద్ద పెట్టు సర్జి ప్రొటెక్టరు అను పరికరం పిడుగు ఒత్తిడిని నేలలోనికి మళ్లించును. మెరుపు దూరాన పడినప్పుడు ఇది నిజంగా కాపాడును. కాని నేలలోనికి దారి బాగుండవలెను. మా వీధిలో పదకొండు ఇండ్లు చూచితిమి. ఏడింట ఎర్తు తీగ గోడ చివర తెగియున్నది, లేదా తుప్పుపట్టి ఊడియున్నది. రెండింట మూడుకాళ్ల ప్లగ్గును రెండుకాళ్ల అడాప్టరులో దూర్చి ఎర్తు కాలును గాలికి వదలినారు. అట్టి ఇంట ఎంత ఖరీదైన ప్రొటెక్టరు పెట్టినను గోడకు బొమ్మ తగిలించినట్లే. బోర్డునుండి ఎర్తు గుంటకు తీగ పొట్టిగా, వంకరలు లేకుండ పోవలెను. ఎండకాలంలో గుంటలో నీరు పోయుచుండవలెను. ప్రొటెక్టరు మీది చిన్న కిటికీలో పచ్చ రంగు పోయి ఎరుపు వచ్చిన యెడల అది తన పని ముగించినదని అర్థం, మార్చవలెను.

మా సంఘం ఆఫీసులో ఇప్పుడు ఒక మెగ్గరు, ఒక ఎర్తు కొలుచు యంత్రం ఉన్నవి. చైత్రమాసంలో వీధి వీధికి పోయి కొలుచుచున్నాము, రుసుము లేదు. కండెల మోటారును ఆదివారం ఉదయం ఎనిమిదినుండి పదిలోపల ఆఫీసుకు తెచ్చిన యెడల అక్కడనే చూచి చెప్పుదుము. బావగారి పేరు ఈ సంవత్సరపు జాబితాలో మొదట ఉన్నది.